పళ్ళెం పట్టిన మనిషి

పొద్దున్న పదయ్యేసరికి కడియం నర్సరీలన్నిటిలో మనుషులు తమకు రాని పనులను చకచకా చేసేస్తున్నారు. ఒకడు మామిడికి అంటు కడుతున్నాడు, ఒకామె మోటారు వైండింగు చేస్తోంది. ఇద్దరూ ఆ పని నేర్చుకున్నవాళ్ళు కారు. అంతా చేతికి తొడిగిన హస్తబోధిని మహిమ. ఆరితేరిన పనివాడి కదలికలను, అంటే అతని చేతిబాణీని, ఆ గ్లౌజులో నింపితే చాలు, తొడుక్కున్నవాళ్ళ వేళ్ళను అదే నడిపిస్తుంది. ఏళ్ళతరబడి నేర్చుకునే తద్దినం వదిలిందని లోకం సంబరపడింది.

ఆ నర్సరీల్లో ఒకదాన్ని నడుపుతున్న ఆరోహికి మాత్రం సంబరపడే తీరిక లేదు. నీళ్ళు తోడే చిన్న ట్రాక్టరు ఇంజను మూడు రోజులుగా అంటుకున్నట్టే అంటుకుని ఆగిపోతోంది. సాయంత్రంలోగా తడి అందకపోతే పన్నెండువేల బంతి మొక్కలు చచ్చిపోతాయి. నిలవున్న పెట్రోలు జిగురై కార్బురేటర్ సన్న రంధ్రాలను మూసేసింది. కొత్తది కొందామన్నా అవి తయారవడం మానేసి చాలాకాలమైంది.

ఆమె తొడుక్కున్న బాణీ నాన్నదే. ఇంజన్లు బాగుచేసే సత్తిబాబు మేస్త్రీ పోయి రెండేళ్ళయింది; ఆయన బతికుండగా నింపుకున్న చేతిబాణీని గ్లౌజుల కంపెనీ నెల క్రితమే విడుదల చేసింది. హాస్టళ్ళలో పెరిగిన ఆరోహికి నాన్నంటే సెలవుల్లో తల నిమిరిన చెయ్యి.

మొదటి బోల్టు విప్పిన చెయ్యి, చూడకుండానే దాన్ని ఎడమపక్కకు చాపి వదిలేసింది. బోల్టు బురదలో పడింది. చెయ్యి ఒక్కసారి పైకి లేచి దిగింది. గ్లౌజు సర్దుకుంటోంది కాబోలనుకుంది ఆరోహి.

విప్పిన ముక్కలు అందుకోడానికి నాన్న ఎడమపక్కన ఎప్పుడూ అమ్మ స్టీలు పళ్ళెం పట్టుకుని కూర్చునేదని అప్పుడు గుర్తొచ్చింది.

"అమ్మా, ఒకసారి వచ్చి పళ్ళెం పట్టుకోవా?"

స్రవంతి గుమ్మం దాటలేదు. "నేనెందుకే? స్టూలేసి దానిమీద ఎట్టుకో."

"స్టూలు ఎత్తు కుదరట్లేదమ్మా. మొక్కలు చచ్చిపోతాయి."

ఆ మాటకు వచ్చింది గానీ, చేతికందనంత దూరంలో కూర్చుంది. ఆరోహే దగ్గరికి జరిపించింది. కార్బురేటర్ అడుగున ఉన్న గిన్నె ఊడింది. లోపల పెట్రోలుపై తేలే బుడ్డి, దాని సూది, పెట్రోలు చిమ్మే సన్న జెట్టు వరసగా వచ్చాయి. జెట్టును చెయ్యి పెదవుల దగ్గరికి తెచ్చింది. ఆరోహి ఊదింది.

"నాన్న పక్కనే ఉన్నట్టుందమ్మా!"

స్రవంతి పళ్ళెం అంచును గట్టిగా పట్టుకుంది.

అంతలో సూది పళ్ళెం అంచుకు తగిలి కింద పడింది. ఆరోహి చెయ్యి, అరచెయ్యి చాపుకుని, విసురుగా లేచింది. అది దిగేలోపే స్రవంతి పళ్ళేన్ని మొహానికి అడ్డం పెట్టేసుకుంది. దెబ్బకు పళ్ళెం ఖంగుమంది, ముక్కలన్నీ చెల్లాచెదురయ్యాయి.

ఆరోహి గ్లౌజు పీకి అవతల పారేసింది. పనికి సంబంధించని కదలికలన్నీ తీసేశామని కంపెనీ రాసింది. కానీ బాణీ నింపుకున్న రోజుల్లో ముక్క కింద పడిన ప్రతిసారీ నాన్న చెయ్యి ఇలాగే లేచి ఉంటుంది. ఒక్కసారీ తప్పకపోవడంతో అది కూడా పనిలో భాగమేననుకుంది యంత్రం.

"ఎన్నాళ్ళనుంచమ్మా?"

"పళ్ళెం పట్టిన కాడ్నించీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెలవులకొచ్చి నాన్నా నాన్నా అని ఆయన్నట్టుకు తిరిగేదానివి. ఏం చెప్పనే?"

ఆరోహి ఏడ్చేసింది. స్రవంతే వంగి సూదిని వెతికి, కొంగుతో తుడిచింది.

"ఊరుకో. మొక్కలెండిపోతాయి. ముందు బుడ్డికి ఈ సూది తగిలించు. ఇప్పుడు బుడ్డిని నిలిపే పుల్ల దూర్చు. అమ్మో, అంత బిగించకే."

ముప్పయ్యేళ్ళు పళ్ళెం పట్టిన మనిషికి ప్రతి ముక్కా తెలుసు. ఆమె చెబుతుంటే ఆరోహి ఉత్త చేతులతో, రెండుసార్లు తప్పుగా బిగించి, మళ్ళీ విప్పి బిగించింది. నాలుగింటికి ఇంజను అంటుకుని ఆగకుండా ఆడింది. గొట్టంలోంచి నీళ్ళు దూకాయి.

అమ్మ చెంప మీది నూనె మరక తుడవబోయి ఆరోహి ఆగింది. చెయ్యి పైకెత్తకుండా, కిందనుంచి మెల్లగా చాపింది. అయినా స్రవంతి కళ్ళు గట్టిగా మూసుకుంది.

తర్వాత బురదలో పడున్న గ్లౌజు వైపు చూసింది.

"ఆ చెయ్యి ఎంతమంది కాడుందే?"

"నాలుగువేల మందికి పైనేనంటమ్మా."

స్రవంతి పళ్ళెం బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

"మరి ఆళ్ళ పక్కన పళ్ళెం ఎవరు పట్టుకుంటన్నారో."