కెప్టెన్ పేరు

2079లో విమానం టికెట్ కొంటే సీటు నంబరు పక్కనే కెప్టెన్ పేరు, ఫొటో వచ్చేవి. ప్రయాణికుల హక్కు అని చట్టం చేశారు. నచ్చకపోతే తెరను తాకి వేరే విమానానికి మారిపోవచ్చు.

ఆ కెప్టెన్లను ఎంపిక చేసేది సమదర్శిని అనే యంత్రం. దాన్ని తయారుచేసింది విశాఖకు చెందిన డాక్టర్ హైమవతి. అంతకుముందు పైలట్ల నియామకాల మీద దేశమంతా వాదులాడుకుంది. అన్ని వర్గాలకూ చోటుండాలని కొందరు, ఆకాశంలో ప్రతిభే చూడాలని కొందరు. సమదర్శిని రెండు పక్షాల నోళ్లూ మూయించింది. అభ్యర్థి సిమ్యులేటర్‌లో కూర్చుంటే ఇంజను ఆగిపోతుంది, తుఫాను కమ్ముకుంటుంది. ఆ క్షణంలో చేతుల కదలికనూ మెదడు తరంగాలనూ మాత్రమే అది చదువుతుంది. పేరు, ముఖం, గొంతు, ఊరు దానికి తెలియవు.

మొదటి జట్టులో అందరికన్నా ముందు నిలిచింది అరకు కొండల అమ్మాయి వంతల మాలతి. ఆమె యూనిఫామ్‌కు రెక్కల బిళ్ళ తగిలించింది హైమవతే.

కొన్నేళ్లకు విమాన సంస్థ అధికారి సోమశేఖరం వచ్చాడు.

"మాలతి లాంటివాళ్లు నడిపే విమానాలు సగం ఖాళీగా పోతున్నాయండి. జనం పేరు చూసి మారిపోతున్నారు. మీ యంత్రాన్నే టికెట్ల దగ్గరా విమానాల్లోనూ పెట్టి, కెప్టెన్ పేరు, ముఖం దాచేద్దాం. మైకులో కూడా యంత్రం గొంతే వినబడాలి. చట్టం సంగతి మేం చూసుకుంటాం."

"దాక్కోవడానికి వాళ్లేం తప్పు చేశారు? జనమే అలవాటు పడతారు," అని హైమవతి పంపేసింది.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టింది. హైమవతి చెల్లెలు గిరిజకు గుండె ఆపరేషన్ కోసం వెంటనే హైదరాబాదు వెళ్లాలి. రెండు విమానాలున్నాయి. ఒకదానికి కెప్టెన్ మాలతి. రెండోదానికి ఎవరో నెరిసిన మీసాల పెద్దమనిషి. అతని పేరు హైమవతి ఎన్నడూ వినలేదు. బయట గాలి హోరుమంటోంది. గిరిజ భయంతో అక్క చెయ్యి పట్టుకుంది. హైమవతి వేలు రెండోదాన్ని తాకింది.

విమానాశ్రయంలో మాలతి ఎదురొచ్చింది.

"మేడమ్ గారూ, హైదరాబాదేనా? నా విమానంలోకి వచ్చేయండి. సీట్లు చాలా ఉన్నాయి."

"లేదమ్మా... టికెట్ ఇంకో విమానానికి తీసేశాం."

మాలతి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది.

"పర్లేదండి. చెల్లెమ్మగారు జాగ్రత్త," అని గేటు వైపు వెళ్లిపోయింది.

రెండు విమానాలూ క్షేమంగానే దిగాయి. గిరిజ కోలుకుంది. ఎవరూ హైమవతిని ఏమీ అడగలేదు. తిరిగొచ్చాక తనే సోమశేఖరానికి ఫోన్ చేసింది.

"పేర్లు దాచడానికి మీరడిగిన యంత్రం ఇస్తాను. తీసుకెళ్లండి."

"మనసు ఎందుకు మారిందండీ?"

"జనం అలవాటు పడరు," అంది.

చట్టం మారింది. టికెట్ మీద కెప్టెన్ పేరు, ఫొటో పోయాయి, మైకులో యంత్రం గొంతు వచ్చింది. విమానాలన్నీ నిండాయి. మాలతికి క్షమాపణ చెప్పాలని హైమవతి ఎన్నోసార్లు కబురు పెట్టింది. కెప్టెన్ల వివరాలు ఎవరికీ ఇవ్వబోమన్నారు. ఒక ప్రయాణంలో, గాలివానలోనూ విమానం పూరేకులా నేలమీద వాలింది. అందరూ దిగిపోయాక హైమవతి కాక్‌పిట్ తలుపు దగ్గర నిలబడింది.

"మాలతీ, నువ్వేనా? ఆ రోజు నేను..."

తలుపు పక్క స్పీకరులోంచి గంభీరమైన, నిండైన మగ గొంతు వినిపించింది.

"ధన్యవాదాలు. దయచేసి ముందు ద్వారం గుండా దిగండి."