నడుం ఒలిచిన చెట్టు

చెట్టుకు నోరు లేదన్న ధీమాతో గొడ్డలి ఎత్తే పెద్దమనిషీ, కాస్త ఆగు. నోరుండీ తెరవని ఒకడి సంగతి చెబుతాను. విని సిగ్గుపడు. నీకు సిగ్గు రాకపోతే నా మాట దండగ.

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, గల్ఫ్‌లోని ఉమ్ అల్ క్వైన్ లోపలి ఎడారిలో ఒక పాత గాఫ్ తోపు ఉండేది. గాఫ్ అంటే మన జమ్మే. తోపులో అన్నీ ముసలి చెట్లు. వేళ్ల మీద మొలిచిన ప్రతి పిలకనూ ఒంటెలూ మేకలూ కొరికేసేవి. అందుకే చుట్టూ కంచె వేయించి, కాపలాకు జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఇద్దరిని పెట్టారు. ఒకడు పోచన్న, రెండోవాడు రాజేశ్వర్. ఇద్దరిదీ ఒకే ఊరు, ఉండేది ఒకే రేకుల గది. రాజేశ్వర్ పిలకలకు నీళ్లు మోసేవాడు. వంటా కట్టెలూ పోచన్నవి.

పచ్చి కొమ్మ ముట్టరాదు, ఎండినదే పొయ్యిలోకి. అది తోపు మీద అధికారి అయిన ముదీర్ పెట్టిన కట్టడి. ఎండుకట్టె కోసం చాలా దూరం నడవాలి. పోచన్నకు నడక బద్ధకం. ఊళ్లో అడవి జవాన్ల కళ్లు కప్పే విద్య ఒకటి అతనికి తెలుసు. చెట్టు మొదట్లో జానెడు మేర చుట్టూ బెరడు ఒలిచి, మన్ను కప్పేస్తే చాలు. చెట్టు నిలబడే చస్తుంది. ఆ తర్వాత ఎండుకట్టె అని ధర్మంగా కొట్టుకోవచ్చు. ధర్మమట!

మూడు చెట్లు ఒలిచాడు. నేల కింద వేళ్లన్నీ కలిసే ఉన్నాయేమో, పదకొండు ఎండాయి.

"ఏంరా పోచిగా, నీ పొయ్యి ముంగటికి చెట్లే వచ్చి సస్తున్నయా?" అని రాజేశ్వర్ నవ్వేవాడు. పోచన్న కూడా నవ్వేవాడు.

ఒకరోజు ముదీర్ చెప్పుకాలితో ఇసుక నెట్టాడు. ఒలిచిన చోటు తెల్లగా బయటపడింది. రోజూ మొదళ్ల దగ్గర తిరిగేది నీళ్లు మోసేవాడే కదా అని ముదీర్ వెళ్లి రాజేశ్వర్ రెక్క పట్టుకున్నాడు.

"నేను గాదని జెప్పు పోచిగా," అన్నాడు రాజేశ్వర్.

పోచన్న లుంగీ ముడి సర్దుకున్నాడు. "నాకేం ఎర్క లేదు సాబ్."

"ఖలాస్," అన్నాడు ముదీర్. మర్నాడే రాజేశ్వర్‌ను విమానం ఎక్కించి ఇంటికి పంపేశారు.

నాలుగో రోజు తెల్లవారి పోచన్న ఒక్కడే కట్టెలకు వెళ్లాడు. జనవరి మంచు. చేతిలోని గొడ్డలి కొన కూడా కనబడటం లేదు. చెట్ల మీంచి నీళ్లు ఇసుకలోకి టప్పు, టప్పుమని రాలుతున్నాయి. అప్పుడే ఒలిచినట్టు పచ్చి బెరడు వాసన. ఎండిన చెట్లలో పచ్చి వాసన ఎలా వస్తుంది? చెయ్యి చాచి ఒలిచిన చోట తాకాడు.

వెచ్చగా ఉంది... ఒంటిలాగా.

"జెప్పు..."

వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు.

"నేను గాదని జెప్పు..." పక్క చెట్టు. దాని పక్కది. పదకొండూ.

పరుగెత్తబోయాడు. కాళ్లు కదల్లేదు. మొలతాడు కింద ఏదో సన్నగా, గోరులాగా, నడుం చుట్టూ తిరుగుతోంది. నొప్పి లేదు. అదే భయం. నొప్పి లేదు...

"నేనే! నేనే ఒలిచిన!" అని అరిచాడు. వినడానికి అక్కడ మనిషన్నవాడు లేడు.

కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. భీమవరం వైపు నర్సు దయారాణి దుప్పటి ఎత్తి చూస్తోంది.

"ఎవరు చేశారన్నయ్యా ఇలాగ? నడుం చుట్టూ జానెడు చర్మం లేదు. నెత్తురు చుక్కైనా లేదు."

"నన్నెవలు దెచ్చిండ్రు సిస్టరమ్మా?"

"మీ ఊరాయనే. రాజేశ్వరంట. లోపలికి రండంటే, కాళ్లు నేలలోంచి ఊడి రావట్లేదన్నాడు."

"ఆయన ఇంటికి వోయి మూడు దినాలాయె..."

దయారాణి గుమ్మం వైపు చూసింది. గొంతు తగ్గించింది. "ఇంకా అక్కడే ఉన్నాడుగా అన్నయ్యా..."

ఆ రోజే ముదీర్‌ను పిలిపించి, పోచన్న ఏడుస్తూ నిజం చెప్పాడు. ఏం లాభం? నోరు తెరవాల్సిన రోజు దాటిపోయింది.

నెల తిరగకుండానే నడుం కింద రెండు కాళ్లూ కట్టెలయ్యాయి. బొంబాయిలో విమానం దిగినప్పుడు అతన్ని ఎదురొచ్చి భుజాన వేసుకున్నది రాజేశ్వరే. మూడు వారాల కిందటే ఇల్లు చేరి, మళ్లీ ఇతని కోసమే బయల్దేరి వచ్చాడు. ఆసుపత్రి మొహం ఎన్నడూ చూడలేదన్నాడు. ఒక్క నిందా వేయలేదు. పోచన్న పెళ్లాం బాలవ్వ ఒక్కతి మోయలేదని, ప్రతి పొద్దునా తనే ఎత్తి ఆమె వాకిట్లో ఎండకు కూర్చోబెట్టేవాడు. ఆ ముఖం చూడలేక పోచన్న కళ్లు మూసుకునేవాడు. బతికినన్నాళ్లూ అలాగే మూసుకున్నాడు.

మాపటికి లేపేటప్పుడు మాత్రం రాజేశ్వర్ బలమంతా పెట్టి లాగాల్సి వచ్చేది. పోచన్న కాళ్ల కింద నేలలో వేళ్లలాంటివేవో పుటుక్కు పుటుక్కున తెగేవి.