పాతది ఇస్తేనే కొత్తది

అన్యాయం జరిగింది మా తమ్ముడికి. జులై పద్నాలుగు, సోమవారం, భోజనాల సైరను మోగడానికి కాస్త ముందు. ఆ సైరను వాడికి వినపడలేదు.

వాడు వెల్డరు. పెద్ద పెద్ద ఇనప ట్యాంకులు తయారుచేసే కార్ఖానాలో పని. ట్యాంకు కడుపులోకి దూరి లోపలి అతుకులు వేసేవాడు. నేను అదే కార్ఖానాలో, ట్యాంకుల షెడ్డును ఆనుకుని ఉన్న రేకుల గదిలో, వెల్డర్లు తొడుక్కునే తోలు గ్లవ్సు కుడతాను. చిరిగినవి బాగుచేస్తాను. వాడి చేతులు కాలకుండా చూసుకోడానికి అక్క ఉందిగా అని ఇంట్లో అందరికీ ధీమా. ధీమాకేం, ఖర్చు లేని సరుకు.

గ్లవ్సు గురించి ఒక మాట చెప్పాలి. కొత్త గ్లవ్ బల్లమీద పెడితే అట్టముక్కలా పడుంటుంది. అందులో ఎవరి చెయ్యీ లేదు. కొన్నాళ్ళు వేడీ చెమటా తాగాక తోలుకి చెయ్యి వంటబడుతుంది. ఇక విప్పి పక్కన పడేసినా వేళ్ళు వెల్డింగు హోల్డరు పట్టుకున్నట్టే ముడుచుకుని ఉంటాయి. సాయంత్రం అందరూ విప్పి వెళ్ళాక చూస్తే, మనుషులు లేకుండా చేతులు మాత్రం బల్లమీద కూర్చుని కబుర్లాడుకుంటున్నట్టు ఉంటుంది. ఏది ఎవరిదో చూసి చెప్పేస్తాను. మా తమ్ముడిదైతే మరీ తేలిక. వాడి చిటికెనవేలు ఎప్పుడూ పైకి లేచి ఉండేది.

"జమీందారుగారు వెల్డింగు చేస్తున్నారా, పన్నీరు చల్లుతున్నారా?" అనేదాన్ని.

"ఆ వేలు మా ఆవిడకి ఇచ్చేశానక్కా, పని చెయ్యదు" అనేవాడు.

స్టోర్సులో రూలు ఒకటే. పాతది ఇస్తేనే కొత్తది. కొత్త జత పుచ్చుకునేవాడు మణికట్టు లోపలివైపు ఆనాటి తారీఖు తన చేత్తోనే వేసుకోవాలి. అదే సంతకం. స్టోర్సు తాళాలు సూపర్వైజరు దగ్గర ఉంటాయి. ఆయన్ని మేమందరం సబ్బుబిళ్ళ అంటాం. ఏ ప్రశ్న పట్టుకున్నా జారిపోతాడు, పైగా ఎప్పుడూ సువాసనలు వెదజల్లుతూ ఉంటాడు.

ఆ సోమవారం పొద్దున మా తమ్ముడు నా కిటికీ దగ్గర ఆగాడు. వాడి చేతులకి నూలు గ్లవ్సున్నాయి, సామాన్లు మోసేవాళ్ళు వేసుకునేవి.

"తోలువి ఏవిరా?"

"అరచెయ్యి మళ్ళీ చిరిగిందక్కా. సబ్బుబిళ్ళ పాతవి పుచ్చుకున్నాడు. తాళాలు ఇంట్లో మర్చిపోయాడట. కొత్తవి మధ్యాహ్నం ఇస్తాడట."

"అయితే మధ్యాహ్నమే దిగు. వాటితో దిగావంటే కాళ్ళు విరగ్గొడతా."

"దిగకపోతే రేపు గేటు బయట నిలబడాలి. అప్పుడు కాళ్ళుండి ఏం లాభం?" అని నవ్వుతూ పోయాడు.

ట్యాంకు లోపల పొయ్యిలో ఉన్నట్టుంటుంది. నూలు చెమటకి తడిసిందంటే కరెంటుకి దారి వేసినట్టే. అందుకే బయట ఒక మనిషి కాపలా ఉండాలి. అప్పుడప్పుడూ సుత్తితో ట్యాంకుని రెండుసార్లు కొడతాడు. లోపలివాడు రెండుసార్లు కొట్టి బదులివ్వాలి. బదులు రాకపోతే వెంటనే కరెంటు కట్టెయ్యాలి. ఆరోజు కాపలా సబ్బుబిళ్ళది. ఆయన టీకి వెళ్ళాడు.

వాణ్ణి బయటికి తీసేసరికి పక్కన కొత్త తోలు గ్లవ్సు జత ఉంది. చేతులు బోసిగా ఉన్నాయి, నూలువి మాయం. ఇవే వాడివి, ఆ పొద్దున నాకు పాతవేవీ ఇవ్వలేదు, చెమట పడుతోందని వాడే విప్పేశాడు అన్నాడు సబ్బుబిళ్ళ. స్వయంకృతం అని రాసేశారు. స్వయంకృతానికి పెళ్ళానికి పింఛను ఉండదు. చచ్చినవాడిదే తప్పు, ఎందుకంటే వాడు ఎదురు చెప్పడు.

విచారణకొచ్చిన అధికారితో నేను చెప్పాను. "సార్, ఆ గ్లవ్సు అట్టముక్కల్లా ఉన్నాయి చూడండి. వాటిలోకి ఏ చెయ్యీ వెళ్ళలేదు. లోపలి తారీఖు కూడా వాడి దస్తూరీ కాదు."

"గ్లవ్సు సాక్ష్యం చెబుతాయా అమ్మా?"

"మనుషులు చెప్పనప్పుడు అవే చెబుతాయి సార్. తప్పుతుందా?"

ఆయన పెన్ను పక్కన పెట్టి, "వాడి పాత జత స్టోర్సులో ఇచ్చేశాడంటున్నావుగా. అది తీసుకురా, తిరగరాస్తాను. ఆగస్టు ఒకటి, శుక్రవారం. ఆ తర్వాత నేను రాను" అన్నాడు.

పాతవన్నీ గోనెసంచిలో నా గదికే వస్తాయి. అన్ని సంచులూ గుమ్మరించాను. మా మరదలు కూడా వచ్చి కూర్చుని వెతికింది. దొరికిన ప్రతి గ్లవ్ చిటికెనవేలూ నిమిరి చూసేది. "ఇది కాదు కదా వదినా... ఇది కూడా కాదు కదా..." అలా ఎంతసేపు వినగలరు మనుషులు? వాడివి మాత్రం లేవు.

గురువారం సాయంత్రం వాన మొదలైంది. అందరూ తొందరగా వెళ్ళిపోయారు. నేను ఆఖరి సంచి ముందేసుకుని కూర్చున్నాను. అప్పటికింకా దీపాలు పెట్టే వేళ కూడా కాలేదు గానీ, మబ్బు షెడ్డుమీదికి వంగి బయటి వెలుతురంతా తాగేసింది. రేకులమీద వాన హోరు. కరెంటు పోయింది.

హోరు మధ్యలో వాసన వచ్చింది. తోలు కాలే వాసన నాకు కొత్త కాదు, నా చీరలకి కూడా అదే వాసన. ఇది వేరు. తోలుతో పాటు తడి ఇనుము, చెమట, వెల్డింగు రాడ్డు అంటుకున్నప్పుడు ముక్కుపుటాలు మండించే ఆ ఘాటు. ఎవరో ఇప్పుడే, పక్క షెడ్డులో, వెల్డింగు చేస్తున్నట్టు.

కరెంటు లేకుండా వెల్డింగేమిటి?

నేను అద్దె పుస్తకాల్లో దెయ్యాల కథలు గంపెడు చదివాను. వాటిలో దెయ్యాలకి పొడుగాటి జుట్టు, తెల్లచీర, పనీపాటా లేకుండా తిరగడం. పనికొచ్చే దెయ్యం గురించి ఒక్కరూ రాయలేదు. అలా అనుకుని నాలో నేనే నవ్వుకోబోయాను.

తలుపు తోసుకుని ఎవరో లోపలికొచ్చారు.

సబ్బుబిళ్ళ. వానకోటు వేసుకున్నాడు. కుడిచెయ్యి కోటు లోపల దాచుకున్నాడు. మొదటిసారి ఆయన దగ్గర సువాసన లేదు.

"అక్కా..." అన్నాడు. అంతకుముందెప్పుడూ నన్ను అక్కా అనలేదు. "కొంచెం కత్తెర తియ్యి."

"ఎందుకు సారూ?"

చెయ్యి బయటికి తీశాడు. చేతికి గ్లవ్ ఉంది. పాతది. నల్లగా కమిలి, బిగుసుకుని, చర్మం మీద చర్మంలా అతుక్కుపోయి ఉంది. అరచేతిలో బొటనవేలి మొదట్లో గుండ్రటి మాసిక. ఆ మాసిక కుట్టు నాది.

చిటికెనవేలు పైకి లేచి ఉంది.

నా నోట మర్యాద రాలేదు. "ఎక్కడిదిరా ఇది నీకు?"

"అరవకక్కా... రేపు విచారణ కదా. పెట్టెలో దాచాను రెండూ. ఎడమది గ్యాసు టార్చితో కాల్చాను. చెయ్యి కాలుతుందని... కుడిది తొడుక్కున్నాను. ఎడమది కాలేకొద్దీ ఇది బిగుస్తోంది. రావడం లేదు. ఎముకలు నలుగుతున్నాయక్కా... కొయ్యి."

సాక్ష్యం కాల్చడానికి సాక్ష్యాన్నే తొడుక్కున్నాడు. ఇలాంటివాళ్ళ చేతుల్లోనా తాళాలు!

"కొయ్యను" అన్నాను. "గేటు దాకా నడు. అక్కడ కాపలావాడున్నాడు, లారీవాళ్ళున్నారు. ఇది చేతికుండగానే, ఇప్పుడు నాతో చెప్పింది వాళ్ళ ముందు చెప్పు. అప్పుడు కోస్తాను."

"చెబుతాను... తప్పకుండా చెబుతాను... ముందు కొయ్యి."

"ముందు నడు."

అప్పుడు వినిపించింది.

టంగ్... టంగ్.

గోడ అవతల నుంచి. లోపల బోలుగా ఉన్న ఇనుముమీద సుత్తి దెబ్బలు. మా తమ్ముడు పోయిన ట్యాంకు సగం అతుకుతో అలాగే ఉంది. దాని మూతకి బోల్టులు బిగించేశారు.

"ఎవరున్నారు అందులో?" సబ్బుబిళ్ళ గోడకి దూరంగా జరిగాడు.

"ఎవరుంటారు? మూత బిగించింది నువ్వేగా."

టంగ్... టంగ్.

ఈసారి బదులొచ్చింది.

గ్లవ్ ఉన్న ఆ చెయ్యి లేచి నా బల్లని కొట్టింది. రెండుసార్లు. ఆయన మొహం నావైపే ఉంది. కళ్ళు చెయ్యివైపు తిరగడానికి భయపడుతున్నాయి.

"నేను కాదక్కా... అది నేను కాదు..."

గోడ అవతల నిశ్శబ్దం. ఇనుము వింటోంది. తర్వాత ఒక గీకుడు శబ్దం... ట్యాంకు లోపలి గోడని తోలు రాసుకుంటూ పోతున్నట్టు... కింద నుంచి పైకి... మూత వైపు...

నా తమ్ముడే అయుండొచ్చు. నేను కుట్టిన చెయ్యే. అయినా నాకు భయమేసింది. ఆ సంగతి వాడికి తెలిస్తే ఏమనుకుంటాడో.

ఆ ఒక్క క్షణం నేను గోడవైపు చూశాను. అదే చాలింది. సబ్బుబిళ్ళ ఎడంచేత్తో బల్లమీది కత్తెర లాక్కున్నాడు. మణికట్టు దగ్గర దూర్చి కోశాడు. తోలుతో పాటు ఇంకేదో తెగింది. అరిచాడు. మళ్ళీ కోశాడు. నేను మీద పడ్డాను, ఒక్క తోపుతో సంచులమీదికి విసిరాడు. చీకట్లో కత్తెర శబ్దం... కర్ర్... కర్ర్... ముక్కలు నేలమీద పడుతున్న శబ్దం... మెత్తగా... తడిగా...

కరెంటు వచ్చింది.

ఆయన ముక్కలన్నీ ఏరుకుని, గుమ్మం ముందు పారుతున్న కాలవలో కలిపేశాడు. అరచెయ్యంతా రక్తం. వెళ్తూ వెనక్కి తిరిగి, అప్పుడే తేరుకున్న గొంతుతో, "కత్తెరలు అలా ఎక్కడపడితే అక్కడ వదిలెయ్యకమ్మా" అన్నాడు.

అక్క పోయి అమ్మ వచ్చింది. సబ్బు మళ్ళీ చేజారిందన్నమాట.

నా చెప్పు కింద ఒక ముక్క మిగిలింది. గుండ్రటి మాసిక, చుట్టూ నా కుట్టు. శుక్రవారం దాన్ని అధికారి ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను. శబ్దాల సంగతి తప్ప.

"మీ గదిలో ఇలాంటి ముక్కలు బస్తాలకొద్దీ ఉన్నాయి కదమ్మా" అన్నాడు ఆయన. చెడ్డవాడు కాదు, నీళ్ళు తాగమని గ్లాసు కూడా జరిపాడు. ఫైలు మూసేశాడు. మా మరదలు బయట బెంచీమీద కూర్చునుంది. నా మొహం చూసి లేచి, చెప్పులేసుకుంది.

సబ్బుబిళ్ళకి మాత్రం విధి నిర్వహణలో గాయం అని రాశారు. జీతంతో సెలవు. గ్లవ్సు ఎందుకు వేసుకోలేదని ఆయన్ని ఒక్కరూ అడగలేదు.

ఆ తర్వాత ట్యాంకులోంచి ఏ శబ్దమూ రాలేదు. నేను వింటూనే ఉన్నాను. పని మధ్యలో మిషను ఆపి మరీ వింటున్నాను. ఇక వాడు కూడా విసిగిపోయి వెళ్ళిపోయాడేమో అనుకున్నాను.

ఇవాళ పొద్దున గది తాళం తీసేసరికి బల్లమీద ఒక గ్లవ్ ఉంది. ఒక్కటే. ఎడమది.

కొత్త తోలు, లేత పసుపు, ఎక్కడా మసి లేదు. కుట్టు నాదే. నేను కుట్టలేదు. లోపల వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, ఇప్పుడే చెయ్యి తీసినట్టు. కొత్తదైతే అట్టముక్కలా ఉండాలి కదా... ఇది ముడుచుకుని ఉంది. హోల్డరు పట్టుకున్నట్టు కాదు. హోల్డరు ఇంత లావుండదు. ఇంకొక మనిషి చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, లాగుతున్నట్టు.

చిటికెనవేలు మాత్రం పైకి లేచి ఉంది.

టైమాఫీసు గుమాస్తా అటుగా పోతుంటే ఆపి అడిగాను. "మన సూపర్వైజరుగారు ఎప్పుడు చేరుతున్నారు?"

"అబ్బో, ఆయనమీద నీకింత ప్రేమ ఎప్పట్నుంచి? సోమవారం చేరుతున్నాడు. వచ్చీ రాగానే ఆ ఆగిపోయిన ట్యాంకు మూత తీయించి, స్వయంగా దిగి చూస్తాడట."

"చేతికేమైనా వేసుకుని దిగమనండి" అన్నాను.

మా తమ్ముడి పాత జత సబ్బుబిళ్ళ పుచ్చుకున్నాడు. వాడికి కొత్తది ఇవ్వాలిగా. రూలు రూలే. ఆ గ్లవ్‌ని స్టోర్సుకి వెళ్ళే దొంతరలో అన్నిటికన్నా పైన పెట్టాను. పెట్టేముందు మణికట్టు లోపలివైపు ఇంకోసారి తిప్పి చూశాను. తారీఖు వేసే ఉంది. మా తమ్ముడి దస్తూరీ, ఒకటి అంకెకి ఎప్పుడూ పెట్టే ఆ చిన్న టోపీతో సహా.

18 ఆగస్టు. సోమవారం.