పచ్చ చుక్క నిలబడిన పలక

పెద్దదోర్నాలలో, శ్రీశైలం బస్సులు ఆగే హోటల్లో, సగం టీ తాగిన మనిషి బల్లమీదికి ఒరిగిపోయాడు. విషం. చనిపోయినవాడు సీక్రెట్ ఏజెంట్. జేబులో చీటీ దొరికింది: ‘శాంపిల్ పెట్టె. అరవై పలకలు. ఒకదాంట్లో.’

ఆ రోజే చీఫ్ హనుమంతరావు ఏజెంట్ మాల్యాద్రికి ఫోన్ చేశాడు.

“తీరప్రాంత రాడార్ డిజైన్. మెమరీ కార్డులో ఉంది. మార్కాపురం పలకలో దాచి విదేశానికి పంపుతున్నారు.”

“పలకలన్నీ పగలగొడితే సరి.”

“ముఠా మనిషి జారిపోతాడు. నాకు కార్డూ కావాలి, మనిషీ కావాలి. నువ్వు క్యాటలాగ్ ఫోటోగ్రాఫర్‌వి. పేరు బ్రహ్మం. ఫ్యాక్టరీలో మన ఏజెంటే ఇంకొకరుంటారు. కోడ్ వర్డ్, ‘వాన పడితే బలపం మెత్తబడుతుంది.’”

మాల్యాద్రి మార్కాపురం లాడ్జిలో దిగాడు. పన్నెండేళ్ల సర్వీసులో ఇది ఎన్నో పేరో అతనికే గుర్తులేదు. ఒక సాయంత్రం అద్దం ముందు నిలబడి, “మాల్యాద్రీ!” అని తనే పిలుచుకుని, సిగ్గుపడి ఫ్యాన్ వేసుకున్నాడు.

ఫ్యాక్టరీలో పలకలకు చెక్క ఫ్రేములు బిగించే మస్తానమ్మ మాత్రం రోజూ పలకరించేది. “నీకెవరూ లేరా నాయనా?”

“ఉన్నారు పెద్దమ్మా,” అని అబద్ధమాడేవాడు.

మూడో రోజు వసుంధర వచ్చింది. కొనే కంపెనీ తరఫున క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, పక్కనుంచి వెళితే మల్లెల వాసన. కెమెరా చూస్తున్నట్టు వంగి, మెల్లగా అంది: “వాన పడితే బలపం మెత్తబడుతుంది.”

ఆ తర్వాత మధ్యాహ్నాలు కలిసి తిన్నారు. పన్నెండేళ్లలో అతని కోసం క్యారియర్ తెచ్చిన మనిషి ఆమె ఒక్కతే. మాల్యాద్రికి పదకొండు నుంచే గడియారం చూడటం అలవాటైంది.

ఆఖరి రోజు. బయట లారీ ఇంజన్ మోగుతోంది. శాంపిల్ పెట్టె ఎక్కిస్తే పోర్టుకు బయల్దేరుతుంది.

“ఆ పెట్టె నేను చూశాను. అందులో ఏమీ లేదు,” అంది వసుంధర.

“ఫోటోలు తీసి ఇచ్చేస్తా,” అని మాల్యాద్రి డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా స్టాండుకు బిగించి, పలకలు ఒక్కొక్కటే లెన్స్ ముందు పెట్టాడు.

వ్యూఫైండర్‌లో సన్నటి గళ్లు, అడుగున పచ్చ చుక్క. కెమెరా లోపలి సెన్సర్ ఒకే బొమ్మను రెండు పక్కల నుంచి అందుకుని పోల్చుకుంటుంది. రెండూ కలిస్తే ఫోకస్ కుదిరినట్టు: గడి ఎర్రగా మెరుస్తుంది, పచ్చ చుక్క నిలబడుతుంది. పోల్చడానికి గీతో, అంచో, మరకో ఉండాలి. నున్నటి నల్ల పలక మీద ఏముంది? లెన్స్ ముందుకీ వెనక్కీ తడుముకుంటోంది. చుక్క మిణుకుమిణుకుమంటోంది.

నలభై ఏడో పలక. గడి ఎర్రగా మెరిసింది. చుక్క నిలబడింది.

కంటికి ఏమీ కనపడలేదు. పలకను బొటనవేలంత జరిపాడు. మిణుకు. మళ్లీ వెనక్కి. నిలబడింది. వెంట్రుక కన్నా సన్నటి అతుకు!

తల ఎత్తాడు. ఎదురుగా వసుంధర. తెరిచిన హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ మొన.

“పలక ఇటివ్వు, బ్రహ్మం.”

“మన ఏజెంటువై ఉండి ముఠాకి పనిచేస్తున్నావా? దోర్నాలలో టీ కూడా నువ్వేనా?”

“చక్కెర ఎక్కువ కావాలన్నాడు.”

మాల్యాద్రికి పిస్టల్ కన్నా ఆ మాట ఎక్కువ తగిలింది. గట్టిగా కేకేశాడు: “పెద్దమ్మా! అతుకు పలక బిగించినావంట, ఏంది ఇది?”

మస్తానమ్మ గబగబా వచ్చి పలక లాక్కుంది. “ముప్పై ఏండ్ల నుంచి చేస్తాండా. అతుకు ఏడుంది?” ఎంగిలి చేసిన బొటనవేలితో రుద్దింది. తడికి గీత తేలింది. ఆమె మొహం ఎర్రబడింది. “ఇట్లాంటిది నా చేతిమీద పోవాల్నా?” అని బండమీద విసిరికొట్టింది.

గోరంత కార్డు జారి వసుంధర కాళ్ల దగ్గర ఆగింది. ఆమె చూపు కిందికి దిగింది. ఆ క్షణం చాలు. మాల్యాద్రి స్టాండును ఆమె చేతిమీదికి తన్నాడు. గుండు పైకప్పు రేకులో దూరింది. పిస్టల్ అతని చేతికొచ్చింది. శబ్దం వినగానే చీఫ్ బయట కాపలా పెట్టిన మఫ్టీ పోలీసులు గేటు మూసి లోపలికొచ్చారు.

వ్యాన్ ఎక్కుతూ వసుంధర వెనక్కి తిరిగింది. “నీ అసలు పేరైనా చెప్పు.”

చెప్పాలనిపించింది. చెప్పలేదు.

చీఫ్ ఫోన్‌లో, “శభాష్! రెండు వారాలు సెలవు. ఇష్టమొచ్చిన చోటికి పో,” అన్నాడు.

మాల్యాద్రి కనపడిన బస్సెక్కి కూర్చున్నాడు. కండక్టర్ వచ్చాడు. “ఎక్కడికి సార్?”

విషం, తుపాకీ, వసుంధర, అన్నీ దాటొచ్చిన ఏజెంట్ ఆ ప్రశ్న దగ్గర దొరికిపోయాడు.