అన్నయ్య మందుకు పథ్యం ఏమిటి?

మూడో అంతస్తు అబ్బాయికి జబ్బు తెప్పించింది అతని స్నేహితుడేనని ఆ భవనంలో అందరికీ తెలుసు. ఎలా తెలుసని ఒకరినడిగితే పక్కింటివారిని చూపించేవారు. పక్కింటివారు పై అంతస్తును చూపించేవారు. కళ్లారా చూసినవారు మాత్రం ఒక్కరూ లేరు. అయినా ఎవరికీ సందేహం రాలేదు.

ఆ అబ్బాయి చెల్లెలికీ రాలేదు. ఆమెకు పదేళ్లు. ఇంట్లో అందరూ పిట్ట అంటారు.

ఆ సోమవారం నాలుగు గంటలకు పిట్ట బడి నుంచి వచ్చి, ఇంకా బూట్లు విప్పకముందే కాలింగ్ బెల్ మోగింది. ఆమె తలుపు సగమే తెరిచింది. అన్నయ్య స్నేహితుడు కెమిస్ట్రీ నోట్సు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పిట్టా, వాడు లేచాడా?"

"నిద్రపోతున్నాడు."

"మొన్నా నిద్రే, నిన్నా నిద్రే. మీ ఇంట్లో నిద్రపోటీలేమైనా పెట్టారా?" అని అతను నవ్వబోయాడు.

పిట్ట నవ్వలేదు. "అన్నయ్య నిన్ను రావద్దన్నాడు" అంది.

అతని మొహం చిన్నబోయింది. నోట్సు ఆమె చేతికిచ్చి, "సరే. తింటున్నాడో లేదో మాత్రం చూస్తూ ఉండు" అని మెట్లు దిగిపోయాడు.

అన్నయ్య ఆ మాట అననేలేదు. అది పిట్ట కల్పించింది. అల్లరికి కాదు, పథ్యం కోసం.

కిందటేడు పిట్టకు కామెర్లు వచ్చినప్పుడు నెల రోజులు నూనె, కారం ముట్టనివ్వలేదు. పథ్యం తప్పితే జబ్బు తిరగబెడుతుందని అమ్మ పదేపదే చెప్పింది. ఇప్పుడు అన్నయ్య మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి, రోజుకో మాత్రతో ఇంటికి వచ్చాడు. అది దిగులు జబ్బు. డాక్టరు డిప్రెషన్ అన్నారు. కానీ పథ్యం మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దవాళ్లు మరిచిపోయారనుకుని పిట్ట కింది అంతస్తు పిన్నిగారిని అడిగింది.

"పథ్యమా? ఆ స్నేహితుడేనే తల్లీ! మీ అన్నయ్య తనకు అమ్మాయిలు కాదు, అబ్బాయిలంటే ఇష్టమన్నాడట కదా. వాడూ ఆ బాపతేనట. వాణ్ణి గడప తొక్కనివ్వకండి, రెండూ నయమైపోతాయి" అన్నారావిడ.

అన్నయ్య ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు పిట్ట అక్కడే ఉంది. అమ్మ కుట్టుమిషను ఆపేసింది. నాన్న ఏమీ అనలేదు. తరవాత కూడా ఏమీ అనలేదు. కాబట్టి పిన్నిగారు చెప్పిందే నిజమని పిట్ట తేల్చుకుంది.

ఆమె నోట్సును సంచిలో దాచి గదిలోకి వెళ్లింది. అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఎవరే బెల్ కొట్టింది?"

"కొరియర్. పక్కింటికట."

"వాడు రాలేదా?"

"లేదు."

"వాడూ మానేశాడన్నమాట" అన్నాడు అన్నయ్య, గోడతో చెబుతున్నట్టుగా.

పథ్యం పనిచేస్తే మనిషి కోలుకోవాలి. పిట్ట జాగ్రత్తగా గమనించింది. మంగళవారం కంచం వెళ్లినట్టే తిరిగి వచ్చింది. బుధవారం అన్నయ్య, "రేపు డాక్టరు దగ్గరికి నేను రాను" అన్నాడు. అమ్మ కుడుతున్న గుడ్డనే కళ్లకు అద్దుకుంది.

పిట్టకు భయం వేసింది. పథ్యం ఇంత కచ్చితంగా సాగుతుంటే జబ్బు ఎందుకు పెరుగుతోంది?

ఆ సాయంత్రం నాన్న మాత్రలు కొనడానికి బయల్దేరితే తానూ వెంటపడింది. మందుల షాపావిడ మాత్రల అట్టను కత్తిరిస్తోంది.

"ఆంటీ, ఈ మందుకు పథ్యం ఏంటి?"

"వేళకు వేసుకోవాలి, డాక్టరు చెప్పకుండా మానకూడదు. అంతే."

"అబ్బాయిలంటే ఇష్టం పోవడానికి ఇదేగా మందు?"

"పిట్టా!" అన్నాడు నాన్న.

"అడగనివ్వండి. తెలీనిది అడగడం తప్పేం కాదు" అని ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. "ఇది దిగులుకమ్మా. నువ్వు చెప్పినదానికి నా షాపులో మందు లేదు. ఏ షాపులోనూ లేదు. అది జబ్బే కాదు. జబ్బు కానిదానికి మందెందుకుంటుంది?"

"మరి స్నేహితులు ఇంటికి రావచ్చా?"

"రావచ్చా ఏమిటి, రావాలి. దిగులు మనిషిని ఒంటరిగా వదిలెయ్యకూడదు."

బస్‌స్టాపు దాకా పిట్ట నాన్న వెనకే నడిచింది. అక్కడ ఆగిపోయింది.

"నాన్నా, అన్నయ్య కోసం వచ్చిన స్నేహితుణ్ణి నేనే పంపించేశాను. మూడుసార్లు. అబద్ధాలు చెప్పి."

నాన్న బెంచీ మీద కూలబడ్డాడు. తిట్టలేదు. "నేను అతన్ని పొమ్మనలేదు. కానీ లోపలికి రమ్మనీ ఏనాడూ అనలేదు" అన్నాడు. "అతనిల్లు తెలుసా నీకు?"

"సైకిల్ షాపు పైన."

"పద."

స్నేహితుడు తలుపు తీసి, నాన్నను చూసి బిగుసుకుపోయాడు. పిట్ట ముందుకు వచ్చింది.

"అన్నయ్య నిన్ను రావద్దనలేదు. నేనే కల్పించాను. రోజూ నీకోసం అడుగుతున్నాడు."

"రోజూనా?"

"రోజూ."

అతను ఉత్తకాళ్లతోనే రెండు మెట్లు దిగి, చెప్పుల కోసం మళ్లీ వెనక్కి పరుగెత్తాడు.

ఇంటికి వచ్చాక పిట్ట అన్నయ్యకూ జరిగినదంతా చెప్పింది. అతను ఆ పూట ఆమెతో మాట్లాడలేదు. గదిలోంచి మాత్రం రెండు గొంతులు వినిపించాయి. కంచం సగం ఖాళీ అయింది. సగమే.

గురువారం అన్నయ్య బూట్లు వేసుకున్నాడు. ఆసుపత్రి ఫైలు పిట్ట చేతిలో పెట్టి, "కాగితాలు వరసగా సర్దు. నోట్సు దాచినట్టు దాచకు" అన్నాడు. పిట్ట ఒక్కొక్క కాగితమూ చూసి సర్దింది. మొదటి కాగితం దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది.

అమ్మ, అన్నయ్య, స్నేహితుడు, వెనక పిట్ట మెట్లు దిగుతుంటే పిన్నిగారు ఎదురయ్యారు.

"మళ్లీ వీడేనా! నేనేం చెప్పానే పిట్టా? జబ్బు తెప్పించిందే వీడు."

"మీరు చూశారా పిన్నిగారూ?"

"చూసేదేముంది? భవనమంతా అంటుంటేనూ!"

పిట్ట నోరు తెరిచింది. అంతలోనే ఆగింది. ఇన్నాళ్లూ అన్నయ్య తరఫున తానే మాట్లాడేసింది. ఈసారి అతనివైపు తిరిగింది.

"చెప్పనా?"

అన్నయ్య కింది మెట్టు వైపు చూశాడు. తరవాత తల ఊపాడు.

పిట్ట ఫైల్లోంచి మొదటి కాగితం తీసింది. ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం, "నాకేమీ వద్దు, నేనే వద్దు" అని అన్నయ్య అన్న రోజున ఆసుపత్రివాళ్లు చేర్చుకుంటూ రాసిన కాగితం అది. పేరు, వయసు, వచ్చిన సమయం. వాటి కింద ఇంకో గడి. ఆ గడిలో ఉన్నదాన్ని ఆమె పైకి చదివింది.

"రోగిని తీసుకువచ్చినవారు: స్నేహితుడు."