శనివారం చేసిన ఫోను

శనివారం పొద్దున్నే వంటింట్లోంచి పంది మాంసం వేగుతున్న వాసన! వెర్లీన్ పక్క మీంచి ఒక్క ఉదుటున లేచి వచ్చింది. పెళ్లయి మిస్సోరీ రాష్ట్రంలోని ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి పంది మాంసం గడప తొక్కలేదు. శనివారం పొయ్యి వెలిగింది లేదు; వాళ్ల చర్చి సంఘం నియమాలవి. అలాంటిది, భర్త హార్లన్ ఈల వేసుకుంటూ పెనం ముందు నిలబడి ఉన్నాడు!

"హార్లన్! నీకేమైనా మతి పోయిందా? ఇవాళ విశ్రాంతి దినం!"

"అదంతా అయిపోయిందిగా! పోయిన వారం పాస్టర్ గారు చెప్పింది నువ్వూ విన్నావు. శనివారాలు, తిండి నియమాలు, ఇంకేవీ అక్కర్లేదట. సంఘం పెద్దలంతా కూర్చుని తేల్చేశారు. ఇక మనం పాత ధర్మశాస్త్రం కింద లేం, దేవుడి కృప కింద ఉన్నాం. రా, వేడిగా ఉంది, తిను. ఇన్నేళ్లూ పక్కింటి వాసన చూసి లొట్టలేశాను, దేవుడు క్షమించాలి!"

ఎంత తేలిక! నియమం పెట్టినప్పుడూ తలూపారు, తీసేసినప్పుడూ తలూపారు. మధ్యలో నలిగిపోయింది ఎవరని అడిగిన నాథుడు లేడు.

శుక్రవారం పొద్దు వాలగానే ఫోను తీగ గోడలోంచి పీకేసేది వెర్లీన్. మర్నాడు పొద్దు గూకేదాకా లోకం గొడవ చెవిన పడకూడదని! అయిదేళ్ల కిందట అలాంటి శనివారమే, ఊరి చివర ఉండే కూతురు ట్వైలాకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. అల్లుడు లారీ తోలుకుంటూ ఎక్కడో దూరాన ఉన్నాడు. మామూలు నొప్పే అయ్యుంటుంది, అమ్మని అడిగితే చాలనుకుంది పిచ్చిది... శనివారమని తెలిసినా ఈ ఒక్కసారికి ఎత్తకపోతుందా అని మళ్లీ మళ్లీ అమ్మకే చేసింది. తీరా అంబులెన్సుకి చేసేసరికి ఆలస్యమైపోయింది. మగబిడ్డ... కళ్లు తెరవనే లేదు!

"దేవుడి ఆజ్ఞ మీరలేకపోయాను తల్లీ..." అంది వెర్లీన్ సమాధి దగ్గర. "తెలుసమ్మా," అంది ట్వైలా. అంతే. ఆ తర్వాత ఫోనులో ముక్తసరిగా మాట్లాడేదే గానీ పుట్టింటి గుమ్మం ఎక్కలేదు. ఎప్పటికైనా వస్తుందన్న ఆశతోనే బతుకుతోంది ఆ తల్లి!

"ట్వైలాకి చేస్తున్నాను. ఈ సంగతి వింటే సంతోషిస్తుంది," అంటూ హార్లన్ ఫోను తీగ మళ్లీ గోడకి తగిలించి, నంబరు నొక్కి రిసీవరు ఆమె చేతిలో పెట్టాడు.

"అమ్మా?" అవతల ట్వైలా గొంతు బెదిరిపోయింది. "ఏమైంది? నాన్నకేమైనా అయిందా? ఇవాళ శనివారం కదా!"

"ఏమీ కాలేదు తల్లీ... ఇప్పుడు... పాటించక్కర్లేదట. పాస్టర్ గారు చెప్పారు. రేపు భోజనానికి వస్తావేమోనని..."

వెర్లీన్ రిసీవరుని చెవికి అదుముకుంది.

"అక్కర్లేదట," అని గొణిగింది ట్వైలా. "అమ్మా, దేవుడు వద్దన్నాడు కాబట్టే నువ్వు ఫోను ఎత్తలేదని సరిపెట్టుకున్నాను. దేవుడితో ఎవరు కొట్లాడతారు? అందుకే నీ మీద కోపం రాకుండా చూసుకున్నాను. ఇప్పుడు అక్కర్లేదంటున్నావే... మరి ఆ రోజు వద్దన్నది ఎవరమ్మా?"

"ట్వైలా! అలా అనకు తల్లీ! నేను నమ్మాను... నిజంగా నమ్మాను!"

"నమ్మావు. వాడు బతికుంటే ఈ ఏడు బడికెళ్లేవాడు," వెక్కుతూ అంది ట్వైలా. "ఇంక నాకు ఫోను చెయ్యొద్దమ్మా. శనివారమైనా, ఏ వారమైనా సరే!"

వెర్లీన్ నేల మీద కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది. పెనంలో మాంసం మాడిపోయింది. హార్లన్‌కి ఏం చెయ్యాలో తోచక పొయ్యి ఆర్పేశాడు.

మర్నాడు సంఘమంతా మొదటిసారి ఆదివారం ఆరాధనకి వెళ్లింది. వెర్లీన్ వెళ్లలేదు. మళ్లీ శనివారం వచ్చేసరికి చర్చికెళ్లే బట్టలు కట్టుకుని, పొయ్యి ముట్టకుండా, ముందు గదిలో ఒక్కతే బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెరిచిన పేజీ తెరిచినట్టే ఉంది.

"అందరూ మానేశారే! నువ్వొక్కదానివే ఎవరి కోసం ఇదంతా?" అన్నాడు హార్లన్ గుమ్మంలోంచి. "పాస్టర్ గారు నీతో మాట్లాడతానన్నారు."

"ఆయన్ని రావద్దని చెప్పు," అంది వెర్లీన్ తలెత్తకుండా. "ఇది దేవుడి ఆజ్ఞే అయ్యుండాలి, హార్లన్. నేను చచ్చేదాకా అయ్యుండాలి. కాకపోతే ఆ పసివాణ్ణి... నేనే..."

హార్లన్ ఆరాధనలో తీసినట్టు తలమీది టోపీ తీసి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.