ట్రిప్ కాని బ్రేకర్

నవంబరు పదకొండు, మంగళవారం. ఆ తారీఖు సీఐ రాధాకుమారికి బాగా గుర్తుండిపోయింది. మధ్యాహ్నం స్టేషన్‌లో క్యారియర్ విప్పి, పండుగప్ప పులుసులో అన్నం కలుపుకుని రెండు ముద్దలు తిన్నదో లేదో, ఫోన్ మోగింది.

నాగాయలంక రేవు. షికారు బోటు మీద శవం.

ఆమె చేరేసరికి 2.10.

చనిపోయినవాడు బోటు డ్రైవర్ ఏసుబాబు. నలభై ఏళ్లు. బోటు ముందుభాగంలో, లంగరు గొలుసును పైకి లాగే కరెంటు మోటారు పక్కన బోర్లా పడున్నాడు. మెడలో వేసుకున్న తువ్వాలు గొలుసుతోపాటు చక్రంలోకి వెళ్లిపోయింది. సగం ముక్క ఇంకా అక్కడే ఉంది. అంచు కత్తితో కోసినట్టుంది.

ఆ సమయంలో బోటు మీద ఉన్న రెండో మనిషి కళాసీ నాగేంద్రబాబు ఒక్కడే.

"స్విచ్ ఎక్కడ?"

"స్టీరింగు దగ్గరండీ."

"నొక్కిందెవరు?"

"నేనే. లంగరు ఎందులోనో ఇరుక్కుంది. 'గొలుసు నేను చూస్తా, నువ్వు నొక్కు బావా' అన్నాడు."

"తర్వాత?"

"కేకేశాడు. వేలు తీసేశాను. అది ఆగలేదు మేడం! తిరుగుతూనే ఉంది. పరిగెత్తుకెళ్లి తువ్వాలు కోశాను. అప్పటికే..."

బోటు యజమాని శోభనాద్రి అడ్డొచ్చాడు. దివిసీమలో సగం రొయ్యల చెరువులు ఆయనవే.

"వదిలేస్తే ఆగని స్విచ్ ఉంటుందాండీ? నిన్న వీళ్లిద్దరూ రేవులో చొక్కాలు పట్టుకున్నారు. ఊరంతా చూసింది."

"అదేదో చేపల దగ్గర మాటామాటా అండీ," అన్నాడు నాగేంద్రబాబు.

"నువ్వాగు. మేడం, మోటారు నిజంగానే ఆగకుండా తిరిగిందనుకుందాం. లంగరు ఇరుక్కుని అంత బరువు పడితే కరెంటు ఆపేసే బ్రేకర్ టప్పున పడిపోవాలి. చూడండి. ఆన్‌లోనే ఉంది."

ఉంది. ప్యానెల్ మీద నల్లటి మీట నిటారుగా నిలబడి ఉంది.

సాయంత్రానికి నాగేంద్రబాబు లాకప్‌లో ఉన్నాడు.

మార్చురీ ముందు ఏసుబాబు భార్య ఎలీసబెతు ఒక్కటే అడిగింది. "మా ఆయన్ని ఎవరు పొట్టనబెట్టుకున్నారో చెప్పండి మేడం. ఇంకేమీ అడగను."

బుధవారం ఉదయం 9.30. రాధాకుమారి మళ్లీ బోటెక్కింది. బ్యాటరీలో చుక్క కరెంటు లేదు. మోటారు మీద పెయింటు బొబ్బలెక్కింది. టేపు పెట్టి కొలిపించింది. స్విచ్‌కీ శవానికీ మధ్య పద్దెనిమిది అడుగులు.

తువ్వాలు కోస్తున్నవాడు స్విచ్ నొక్కి పట్టుకోలేడు. మరి బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా మోటారును తిప్పిందెవరు? తిరిగితే బ్రేకర్ ఎందుకు పడలేదు?

గురువారం పదకొండింటికి ఆమె శోభనాద్రి చెరువుల మీదికి వెళ్లింది. అక్కడి ఎలక్ట్రీషియన్ అనిల్. బోటు రిపేర్లూ అతనివే. ఎలీసబెతుకి సొంత తమ్ముడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. అయినా పనిలోకి వచ్చాడు. షెడ్డులో, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ స్టార్టర్ విప్పి కూర్చున్నాడు.

"బావ పోయి రెండ్రోజులు కాలేదు. అప్పుడే పనేమిటయ్యా?"

"ఏరేటర్లకి ఎవరు పోయినా ఒకటేనండీ. ఇవి గంట ఆగితే తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోద్ది."

మాట్లాడుతూనే లావుపాటి రాగి తీగ ముక్క తీశాడు. బ్రేకర్‌కి అటూ ఇటూ బిగించాడు. చెయ్యి అలవాటుగా కదిలిపోయింది.

"అదేమిటి?"

"ఊరికే ట్రిప్ అవుతోందండీ. డైరెక్ట్ చేసేస్తే గొడవుండదు. ఈ చెరువులన్నీ ఇంతేగా."

రాధాకుమారి ఆ తీగవైపే చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం 5.00. బోటు మీద శోభనాద్రి, అనిల్, ఎలీసబెతు ఉన్నారు. నాగేంద్రబాబుని లాకప్ నుంచి తీసుకొచ్చారు.

"అందరం బ్రేకర్‌ని ముందునుంచే చూశాం," అంది రాధాకుమారి. కానిస్టేబుల్ ప్యానెల్ మరలు నాలుగూ విప్పాడు.

వెనకవైపు, బ్రేకర్ రెండు కొసలనీ కలుపుతూ లావుపాటి రాగి తీగ.

"కరెంటు బ్రేకర్‌లోంచి పోనే పోలేదు. పక్కదారి పట్టింది. ఇంక అదెందుకు పడుతుంది? ఉప్పుగాలికి ఈ కేబుల్ జాయింటు చిలుము పట్టింది. మోటారుకి కరెంటు సరిగ్గా అందక, గుంజుకుని వేడెక్కి, మాటిమాటికీ ట్రిప్ అయ్యేది. అసలు జబ్బు అది. జాయింటు గీకి బిగిస్తే పోయేది. అటు చూడకుండా ఈ తీగ కట్టారు. ఎప్పుడు లంగరు ఇరుక్కున్నా మోటారు శక్తికి మించి లాగింది. స్విచ్ నొక్కితే మోటారుకి కరెంటు కలిపే రిలే ఉంది కదా, దాని లోపలి బిళ్లలు కాలిపోతూ వచ్చాయి. మంగళవారం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇదుగో చూడండి. నాగేంద్రబాబు స్విచ్ వదిలాడు. అది మాత్రం వదల్లేదు."

ఎలీసబెతు వంగి ఆ రాగి తీగను చూసింది.

"తీగ కట్టిందెవరు?" అంది ఎలీసబెతు.

రాధాకుమారి అనిల్ వైపు చూసింది.

"నేనేనక్కా," అన్నాడు అనిల్. "బావే అడిగాడు. గెస్టుల ముందు లంగరు లేవకపోతే సార్ తిడుతున్నారన్నాడు. ట్రిప్ అయిందంటే మాకు పంట పోవడమే తెలుసక్కా. అది మనిషిని కాపాడ్డానికి ఆగుతుందని ఎవడు చెప్పాడు మాకు?"

"నాకేమీ తెలీదండీ," అన్నాడు శోభనాద్రి వెంటనే.

"జాయింటు చిలుము పట్టిందని ఎవరూ చెప్పలేదా?" అంది రాధాకుమారి.

"చెప్పారు... ఒకటి రెండుసార్లు. చూద్దాంలే అన్నాను."

"స్టేషన్‌కి రండి. అది కూడా రాసుకోవాలి."

అనిల్‌కి వేయడానికి కానిస్టేబుల్ సంకెళ్లు బయటికి తీశాడు. రాధాకుమారి వద్దన్నట్టు తల ఊపింది. ఎలీసబెతు తమ్ముడి దగ్గరికి నడిచింది. కొడుతుందనుకున్నారు. ఊడిపోయిన అతని చొక్కా గుండీ పెట్టి, వెనక్కి వచ్చేసింది.

చీకటి పడుతుండగా రాధాకుమారి ఆమెను జీపులో ఇంటి దగ్గర దింపింది. పోలీసులు వదిలేసిన నాగేంద్రబాబు అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఈ పూటకి ఇక్కడే ఉంటానక్కా. ఒక్కదానివే..."

"రెండ్రోజులైంది నువ్వు ఇంటి మొహం చూసి. నీ పిల్లలు ఎదురుచూస్తుంటారు. వెళ్లు బాబూ."

అతను తల దించుకుని వెళ్లిపోయాడు. రాధాకుమారి గుమ్మం దగ్గర తచ్చాడింది. ఏదో ఒకటి చెప్పాలి.

"అనిల్‌కి బెయిల్ వస్తుందమ్మా. నాలుగైదు రోజుల్లో వచ్చేస్తాడు."

"వచ్చి ఎక్కడికెళ్తాడు మేడం? వాడికున్నదీ ఈ గుమ్మమే." ఎలీసబెతు గడప వైపు చూసింది. "నేనే వాడికి అన్నం పెట్టాలి."

రాధాకుమారి చేతిలోని టోపీ తలకి పెట్టుకుంది.

"పొద్దుపోయింది. వెళ్లి రండి," అంది ఎలీసబెతు. లోపలికి వెళ్లి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.